రెండు పేర్ల బిళ్ళ

డాక్టర్లు ఇచ్చే మందుల మీద కంటే వాళ్ళు అడిగే ప్రశ్నల మీద మా అత్తగారికి ఎక్కువ అనుమానం. పెద్ద తుఫాను మా కొబ్బరిచెట్లను పడగొట్టి వెళ్ళిన మరుసటి వేసవిలో ఆవిడ కుడి మోకాలు వాచింది. నేల మీద కూర్చుని కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీసి చీపుళ్ళు కట్టడం ఆవిడకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ ఏడాది దొడ్లో ఎండిన ఆకు గుట్టలుగా పడి ఉండటంతో పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేవారు కాదు. ఒకరోజు లేవబోతే మోకాలు లేవనివ్వలేదు. గోడ పట్టుకుని, పళ్ళు బిగించి, నన్ను మాత్రం పిలవకుండా లేచారు.

రాజోలుకి దగ్గర్లో మా ఊరు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. మావగారు నా పెళ్ళికి ముందే పోయారు. మావారు మస్కట్‌లో కరెంటు పని చేస్తూ రెండేళ్ళకోసారి వచ్చేవారు. నేను కాపురానికి వచ్చి మూడేళ్ళయినా మా ఇద్దరికీ పూర్తిగా పొత్తు కుదరలేదు. గొడవలేమీ లేవు. ఆవిడ నాకు చెప్పకుండా వంటింటి డబ్బాలు సర్దేవారు. నేను ఆవిడ చూడకుండా ఆ డబ్బాలు తెరిచి చూసేదాన్ని. అంతే.

బతిమాలగా బతిమాలగా నాలుగో రోజుకి రాజోలు డాక్టరుగారి దగ్గరికి వచ్చారు. ఆయన మోకాలు నొక్కి చూసి, కాగితం ముందుకి లాక్కుని అడగడం మొదలుపెట్టారు.

"బీపీ ఉందామ్మా?"

"లేదండి."

"కడుపులో మంట, పుల్లతేన్పులు?"

"అబ్బే, లేవండి."

"వేరే మందులేమైనా వాడుతున్నారా?"

"ఎందుకు వాడతానండీ, నాకేం రోగం?"

పోలీసుల ముందు జవాబు చెబుతున్నట్టు ప్రతిదానికీ లేదనే అన్నారు. నేనుండబట్టలేక, "బీపీ మాత్ర రోజూ వేసుకుంటారండి. కారం తింటే మంట కూడా వస్తుందండి," అన్నాను. ఆవిడ నావైపు తిరిగి చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఇంటి గుట్టు బజార్లో పెట్టినదాన్ని చూసినట్టు చూశారు.

డాక్టరుగారు రాయడం ఆపారు. ఇంకాసేపు ఆలోచించి, వాపు తగ్గే బిళ్ళ పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి, అయిదే రోజులకి రాశారు. "అన్నం తిన్నాక వెయ్యాలమ్మా. పరగడుపున వద్దు. దీనికి ముందు కడుపు మంట రాకుండా ఈ గొట్టం బిళ్ళ. ఇది వాడినన్నాళ్ళూ వేరే నొప్పి బిళ్ళ ఏదీ వెయ్యకండి. బీపీ ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువ రోజులు పనికిరాదు. కాళ్ళు వాచినా, కడుపులో నొప్పి వచ్చినా, విరోచనం నల్లగా అయినా వెంటనే ఆపేసి నా దగ్గరికి తీసుకురండి," అన్నారు. ఆ మాటలన్నీ నాకే చెప్పారు. ఆవిడ గోడ మీద క్యాలెండరు చూస్తున్నారు.

బిళ్ళ అద్భుతంగా పని చేసింది. మూడో రోజుకల్లా అత్తగారు గొంతుక్కూర్చుని గిన్నెలు తోమారు. అయిదు రోజులయ్యాక బిళ్ళలు అయిపోయాయి. పదో రోజుకి నొప్పి మళ్ళీ వచ్చింది. నేనొక్కదాన్నే వెళ్ళి డాక్టరుగారికి చెబితే, వాపు బాగా ఉన్న రోజుల్లో మాత్రమే వాడమని ఇంకో పది బిళ్ళలు రాసి, నెలలోపల మళ్ళీ తీసుకొచ్చి చూపించమన్నారు. వాటిని నా బీరువాలో పెట్టి తాళం వేశాను. చూపించడానికి రమ్మంటే ఆవిడ రాలేదు.

ఆ తాళం దగ్గరే మొదలైంది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని, "ఏమే, బిళ్ళ?" అనేవారు. ఇవాళ వద్దండి అంటే మాట్లాడకుండా వెళ్ళిపోయి, పెరట్లో చుట్టుపక్కలవాళ్ళకి వినపడేలా మూలిగేవారు. రెండు వారాలు భరించాను. తరవాత ఒక తప్పు పని చేశాను. మందులషాపులో దొరికే బలానికి వేసుకునే బి-కాంప్లెక్స్ బిళ్ళలు కొని తెచ్చాను. రంగు, సైజు కొంచెం అటూఇటూగా ఉన్నాయి. అట్టలోంచి తీసి, చేతిలో పెట్టి, ఇదే అని ఇచ్చాను.

మొదటిరోజు నొప్పి తగ్గిందన్నారు. నాకు నవ్వొచ్చింది. రెండోరోజు ఏమీ అనలేదు. అయిదోరోజు బిళ్ళని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఇది అది కాదు."

"అదేనండి. కంపెనీ మారిందంట."

"నీళ్ళకి వెళ్తుంటే పసుపు కలిపినట్టు పచ్చగా వస్తోంది. ఇదివరకు అలా రాలేదు. ఏం పెడుతున్నావే నాకు?"

నేను మళ్ళీ కంపెనీ మాటే చెప్పాను. పది రోజులయ్యాక ఆవిడ బిళ్ళ అడగడం మానేశారు. గెలిచాననుకున్నాను.

వానాకాలం వచ్చింది. ఊడ్పుల రోజుల్లో ఆవిడ చేలోకి వెళ్ళి గట్టు మీద నిలబడి కూలివాళ్ళ మీద కేకలేసి వచ్చారు. మోకాలి ఊసే లేదు. చీపుళ్ళు కట్టారు, బియ్యం చెరిగారు, అరుగు మెట్లు ఆసరా లేకుండా ఎక్కారు. ఒక్క నొప్పి బిళ్ళా లేకుండా అంత నొప్పి ఎలా పోయిందా అని నాకు ఆశ్చర్యం, ఆ తరవాత అనుమానం. ఏ సంచి వైద్యుడో వచ్చి పసరిచ్చాడా? పొరుగువాళ్ళు ఏదైనా తెచ్చిపెడుతున్నారా? అడిగితే, "దేవుడు చల్లగా చూసేడు," అనేవారు.

పొద్దున్నే కాఫీ గ్లాసు గదిలోకి పట్టుకెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేవారు. ఇనప్పెట్టె మూత కిర్రుమనేది. తాళం పడేది. తాళంచెవి ఎప్పుడూ ఆవిడ బొడ్లోనే. స్నానానికి వెళ్ళినా దాన్ని విడిచేవారు కాదు.

దసరా నాటికి ఆవిడ మొహం ఉబ్బినట్టు కనిపించసాగింది. చెప్పులు విప్పితే పాదాల మీద పట్టీల గుర్తు లోతుగా పడి చాలాసేపు పోయేది కాదు. కంచంలో సగం అన్నం వదిలేసి మజ్జిగ తాగి లేచిపోయేవారు. "కాళ్ళు వాచేయండీ, డాక్టరుగారు చెప్పేరు కదా," అంటే, "ఆ బిళ్ళ నువ్వు ఇవ్వట్లేదు కదే, ఇంక దానివల్ల ఎలా వాస్తాయి?" అన్నారు. వయసనుకున్నాను. నిజంగా అనుకున్నానా, అనుకుంటే సులువని అనుకున్నానా, ఇప్పుడు చెప్పలేను.

కార్తీకమాసంలో ప్రతి సోమవారం ఆవిడ ఉపవాసం. పొద్దున్న కాఫీ తప్ప నక్షత్రాలు కనిపించేదాకా ఏమీ ముట్టరు. మూడో సోమవారం చీకటి పడబోతుండగా దీపాలు పెట్టడానికని నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ కూలబడిపోయారు. నేను పరిగెత్తుకెళ్ళి పట్టుకునేసరికి వాంతి చేసుకున్నారు. కాఫీ డికాషన్ అడుగున మిగిలే పిప్పిలా నల్లగా ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది. పక్కింటాయన కారు మాట్లాడి తెచ్చేరు. అమలాపురం వెళ్ళేదాకా ఆవిడ తల నా ఒళ్ళోనే ఉంది. దారిలో ఒక్కసారి కళ్ళు తెరిచి, "నాలుగు రోజుల్నించీ నల్లగానే అవుతోందే," అన్నారు. నాలుగు రోజులు నాకు చెప్పలేదు.

ఆస్పత్రిలో ముక్కులోంచి గొట్టం వేశారు, సెలైన్ పెట్టారు, రక్తం ఎక్కించారు. కడుపులో పుండు పడి రక్తం కారుతోందని అక్కడి డాక్టరుగారు చెప్పారు. ఆవిడ ఏమేం మందులు వాడుతున్నారని నన్నడిగారు. బీపీ మాత్ర ఒక్కటే అన్నాను. ఆయన నమ్మినట్టు లేరు.

మర్నాడు పొద్దున్న ముమ్మిడివరం నుంచి మా వదినగారు, అంటే మావారి అక్కగారు, వచ్చారు. తల్లి మంచం దగ్గర కాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, డాక్టరుగారి ముందే నన్ను నిలదీశారు.

"అమ్మకి ఏం పెట్టేవు?"

"నేనేం పెట్టేనండీ?"

"దసరాకి వచ్చినప్పుడు అమ్మే చెప్పింది. కోడలు బిళ్ళలు మార్చి ఇస్తోంది, నీళ్ళు పచ్చగా వస్తున్నాయని. మా తమ్ముడు ఊళ్ళో లేడు, అడిగేవాళ్ళు లేరనుకున్నావా?"

వార్డులో పక్కమంచాలవాళ్ళు తలలు తిప్పి చూశారు. మార్చలేదని చెప్పడానికి లేదు. మార్చాను. "ఎండాకాలంలో పది రోజులు బలం బిళ్ళలు ఇచ్చేనండి. బి-కాంప్లెక్స్. నొప్పి బిళ్ళ ఎక్కువ వెయ్యకూడదన్నారని అలా చేసేను," అన్నాను.

డాక్టరుగారు వదినగారి వైపు తిరిగి, "బి-కాంప్లెక్స్‌కి నీళ్ళు పచ్చగా వస్తాయమ్మా. పుండు పడదు. ఇది వేరే ఏదో చేసిన పని," అన్నారు. ఆ వేరే ఏదో అన్న మాట వదినగారికి ఇంకో రకంగా వినిపించింది. ఆ మధ్యాహ్నం నేను అమలాపురంలో ఉంటున్న మా ఊరివాళ్ళింట్లో వండి పట్టుకెళ్ళిన క్యారేజీ మూత కూడా తియ్యకుండా తిప్పి పంపేశారు. పేషెంటుకి ఎలాగూ ఏమీ పెట్టకూడదు. ఆ అన్నం వదినగారి కోసం తెచ్చింది. నా చేతి వంట తినడానికి ఆవిడ భయపడ్డారు. అంతవరకూ నా మీద అనుమానం ఒక మాటే. మూత తియ్యని క్యారేజీ చేతిలోకి వచ్చాక అది బరువుగా తగిలింది.

సాయంత్రం బట్టలు తెస్తానని చెప్పి మా ఊరు వచ్చేశాను. తలుపు తీసి తిన్నగా అత్తగారి గదిలోకి వెళ్ళాను. ఇనప్పెట్టె తాళంచెవి ఆస్పత్రిలో వదినగారి చేతికి చేరింది. వంటింట్లోంచి పచ్చడిబండ తెచ్చి తాళం పగలగొట్టాను. పొరుగింటావిడ గుమ్మంలోకొచ్చి, "ఏంటండీ చప్పుడు?" అనడిగింది. "ఏం లేదండి," అన్నాను, అత్తగారు డాక్టరుకి చెప్పినట్టే.

చీరల కింద గల్ఫ్ పాలపొడి డబ్బా ఉంది. అందులో పాలపొడి లేదు. బిళ్ళల అట్టలున్నాయి. కొన్ని నిండువి. ఖాళీవి ఇంకా ఎక్కువ, రబ్బరుబ్యాండుతో కట్టలు కట్టి ఉన్నాయి. చెత్తలో వేస్తే నేను చూస్తానని ఒక్కటి కూడా పారెయ్యలేదు. అట్టల మీద అరబ్బీ రాత, దాని పక్కన ఇంగ్లీషు. పేరు చదివాను. ఎప్పుడూ వినని పేరు. ఇది నొప్పి బిళ్ళేనా, ఇంకేమైనానా అని అట్టని దీపం కిందకి పట్టుకెళ్ళాను. నేను పదో తరగతి దాకా చదివాను. కూడబలుక్కుంటే ఇంగ్లీషు చదవగలను. పెద్దక్షరాల పేరు కింద చీమల్లాంటి చిన్నక్షరాలున్నాయి. నా బీరువాలోంచి రాజోలు బిళ్ళల అట్ట తెచ్చి పక్కన పెట్టాను. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి సరిచూశాను. పైనున్న పేర్లు వేరు. కింద చిన్నక్షరాలు ఒకటే. పక్కనున్న అంకె మాత్రం మన అట్ట మీద యాభై, గల్ఫ్ అట్ట మీద వంద.

నాకు ముందు వచ్చింది ప్రాణం కుదుటపడిన సంతోషం. ఆవిడ గురించి దిగులు ఆ తరవాతే వచ్చింది. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

గల్ఫ్ మందు గల్ఫ్ నుంచే వస్తుంది. ఊళ్ళోని ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి మావారి రూముకి ఫోన్ చేశాను. అమ్మగారు ఆస్పత్రిలో ఉన్నారని చెప్పి, ఆయన తేరుకున్నాక అడిగాను.

"అత్తయ్యగారికి బిళ్ళలు మీరు పంపేరా?"

"అమ్మ బూత్ నుంచి ఫోన్ చేసి అడిగింది. నువ్వు ఇవ్వట్లేదంది. వేరే ఏవో ఇస్తున్నావంది. ఇక్కడ మా కేంపులో అందరం అదే వేసుకుంటాం, ఏం కాదు. సెలవుకి వచ్చేవాళ్ళ చేత రెండుసార్లు పంపేను, అమ్మ చేతికే ఇమ్మని."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెప్పొద్దంది."

"మీరు కూడా నమ్మేరా, నేను వేరే ఏవో పెడుతున్నానని?"

ఆయన లేదని వెంటనే అనలేదు. ఆ తరవాత అన్నారు. మా కాపురంలో చాలా మాటలు మర్చిపోయాను గానీ, ఆ కాస్త ఆలస్యం మర్చిపోలేదు. ఫోన్లో ఆయన ఏడుస్తుంటే ఓదార్చింది మాత్రం నేనే.

మర్నాడు డబ్బా సంచిలో పెట్టుకుని అమలాపురం వెళ్ళాను. డాక్టరుగారు ఒంటరిగా కనిపించినా ఇవ్వలేదు. వదినగారు వచ్చేదాకా కాచుకుని, ఆవిడ ముందు బల్ల మీద డబ్బా బోర్లించాను. ఖాళీ అట్టలు జారి కింద పడ్డాయి.

డాక్టరుగారు రెండు అట్టలూ పట్టుకుని చూశారు. "పైన ఉన్నది కంపెనీవాళ్ళు పెట్టుకున్న పేరు. మందు పేరు కింద ఉంటుంది. రెండూ ఒకటే మందు. ఇది రెట్టింపు బలం." మంచం దగ్గరికి వెళ్ళి, గట్టిగా కాకుండా అడిగారు. "అమ్మా, రోజుకి ఎన్ని వేసుకున్నారు?"

అత్తగారు గోడవైపు తిరిగారు. "పొద్దున్న కాఫీతో ఒకటండి. మధ్యాహ్నం ఒకటి. నొప్పెక్కువుంటే ఇంకోటి," అన్నారు.

"ఉపవాసం రోజు?"

"బిళ్ళ అన్నం కాదు కదండీ."

"గొట్టం బిళ్ళ?"

"అది దేనికో నాకు తెలీదండి."

వదినగారు కుర్చీలో కూర్చుండిపోయారు. డాక్టరుగారు మా ముగ్గురికీ కలిపి చెప్పారు. ఈ మందు నొప్పిని ఆపుతుంది కానీ కడుపు లోపలి పొరని కాపాడే శక్తిని కూడా తగ్గిస్తుంది. ఖాళీ కడుపున, ఎక్కువ మోతాదులో, నెలల తరబడి వేసుకుంటే పుండు పడుతుంది. నొప్పి తెలియనివ్వకుండానే రక్తం కారచ్చు. బీపీ పెంచుతుంది, కిడ్నీల మీద పడుతుంది, కాళ్ళు వాచేది అందుకే. మందు చెడ్డది కాదు, అయిదు రోజులకని రాసినప్పుడు అయిదు రోజులే వాడాలి. తరవాత నావైపు చూసి, "మీరు కూడా, ఆ బలం బిళ్ళలు ఇచ్చే బదులు, ఎందుకు వద్దో ఆవిడకి విడమరిచి చెప్పాల్సిందమ్మా," అన్నారు. వదినగారి ముందు నా గెలుపు ఒక్క నిమిషం కూడా నిలవలేదు.

తొమ్మిదో రోజు ఇంటికి పంపేశారు. కిడ్నీ పరీక్షలో అంకె కాస్త ఎక్కువే వచ్చింది, నెలనెలా చూపించమన్నారు. కార్లో అత్తగారు ఉన్నట్టుండి, "నాకు బలం లేదని నీకెవరు చెప్పేరే, బలం బిళ్ళలు పెట్టేవు?" అన్నారు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "తప్పేనండి అత్తయ్యగారూ. మీరు మూలుగుతుంటే చూడలేకపోయేను."

"వద్దంటే ఎందుకొద్దో చెప్పాలి. చెప్పకుండా తాళం వేసేవు. తాళం వేస్తే ఎవరైనా ఏమనుకుంటారు?"

"మీరూ వేసేరు కదండీ."

"ఆయ్," అన్నారు, కిటికీలోంచి బయటికి చూస్తూ. మా ఇద్దరిలో ఎవరూ క్షమించమని అడగలేదు. ఇల్లు చేరాక నేను వేడినీళ్ళ గుడ్డ పెడితే కాలు చాపారు. నేల మీద పని మానేసి ఎత్తుపీట మీద కూర్చున్నారు. నొప్పికి డాక్టరుగారు చెప్పిన జ్వరం బిళ్ళ, ఆయన చెప్పిన లెక్కకి మించకుండా. అది ఆ పాత బిళ్ళలా పని చెయ్యదని రోజూ సణిగేవారు. చెయ్యదు, నిజమే. ఆ నొప్పిలో కొంత ఆవిడ మోయాల్సే వచ్చింది.

అప్పటినుంచి ఏ మందు తెచ్చినా కింద చిన్నక్షరాలు నా చేత చదివించుకునేవారు. ఆవిడకి తెలుగు సంతకమే కష్టం. కానీ ఆ మందు పేరులో మొదటి ఇంగ్లీషు అక్షరం ఎలా ఉంటుందో చూపించమని, "నిలబెట్టిన కొబ్బరిచిప్పలా ఉంది," అని గుర్తు పెట్టుకున్నారు. రెండువేల సంవత్సరం దాటాక ఒక పెళ్ళింట్లో ఆవిడ కుంటుతుంటే, గల్ఫ్ నుంచి వచ్చినాయన ఒకరు జేబులోంచి అట్ట తీసి, "ఒక్కటి వేసుకోండి పిన్నిగారూ, చిటికెలో పోతుంది," అన్నారు. ఆవిడ అట్ట తిరగేసి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, వెనక్కిచ్చేశారు. "కొబ్బరిచిప్ప ఉందండి. నాకు పడదు. మీరు అన్నం తినే వేసుకుంటున్నారా?" అని ఆయన్నే అడిగారు. ఆయనకి ఏమీ అర్థం కాలేదు.

ఆ అక్షరంతో మొదలయ్యే దగ్గు మందుని కూడా ఆవిడ ముట్టలేదు. అది వేరే విషయం.

కొన్నాళ్ళకి మందులషాపాయన నవ్వుతూ నాకొక సంగతి చెప్పారు. నేను చిన్నక్షరాలు చదివి చెప్పిన ప్రతి అట్టనీ ఆవిడ ఆ తరవాత ఆయన దగ్గరికి పట్టుకెళ్ళి, ఇంకోసారి చదివించుకుంటున్నారట. "మీరు చదివింది ఎప్పుడూ తప్పు కాలేదండి, అయినా వస్తారండి," అన్నారు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్ళాక ఆవిడతో ఆ మాట ఎత్తలేదు. మర్నాడు బీపీ మాత్ర ఇస్తూ, అట్టతో సహా ఆవిడ చేతిలోనే పెట్టేశాను.